నమూనా ఏడు

మా మైదానంలో ఉత్తకాళ్ళతో పరుగెత్తడాన్ని నిషేధించిన రోజునే ఉత్తకాళ్ళ గొప్పదనం మీద సభ కూడా జరిగింది. రెండింటికీ సున్నం గీతలు వేసింది నేనే.

నా పేరు ఎర్రిస్వామి. జిల్లా వ్యాయామ వికాస సంస్థలో మైదానం పనివాణ్ణి. పొద్దున్నే నేల తడపడం, సున్నంతో గీతలు గీయడం, జిమ్ము తాళం తీయడం, సాయంత్రం వేయడం. ఈ పనికి మాటలతో పెద్దగా అవసరం పడదు. ఇరవై ఆరేళ్ళుగా కిందికే చూస్తున్నాను కాబట్టి మనుషుల ముఖాలకంటే అడుగులే నాకు బాగా గుర్తుంటాయి.

మా డైరెక్టరు మార్తాండరావు గారు మూడు రోజుల సదస్సుకు వెళ్ళి వచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలుగానే వెళ్ళారు. వచ్చేటప్పుడు చేతిలో ఒక సంచి ఉంది. సంచిలో ఒక జత బూట్లు. బూట్లని ఆయన చెప్పబట్టి తెలిసింది గాని, చూడటానికి మేజోళ్ళకు కింద సైకిల్ ట్యూబు అతికించినట్టున్నాయి. సభలో వాటిని దోసెలా చుట్టి చూపించారు. తడిగుడ్డలా మెలితిప్పి చూపించారు. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని చూపించారు. తొడుక్కుని మాత్రం చూపించలేదు.

"మహాశయులారా! మందపాటి అట్ట పాదానికీ పుడమికీ మధ్య అడ్డుగోడ. ఎత్తు మడమ వెన్నెముకకు వైరి. ఇరుకు ముక్కు వేళ్ళకు చెరసాల. మానవ పాదాన్ని భూమికి పునఃపరిచయం చేయవలసిన చారిత్రక ఆవశ్యకత మన సంస్థ భుజస్కంధాల మీద పడింది. ఇకపై పరుగుకైనా, జిమ్ములో బరువులెత్తడానికైనా ఉత్తకాలి తరహా పాదరక్షలే ధరించవలెను!"

వెనక వరసలో కూర్చున్న జిమ్ము కుర్రాడొకడు లేచి, "సార్, అట్లయితే బూట్లు ఇప్పేసి చేస్తే సరిపాయె కదా?" అన్నాడు.

డైరెక్టరు గారు జాలిగా చూశారు. "అది అనాగరికం. మనకు కావలసింది ఉత్తకాలు కాదు. ఉత్తకాలి అనుభూతి."

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. మైదా జిగురు కలిపి గేటుకు నేనే అంటించాను. అందులో ముఖ్యమైన వాక్యాలు రెండు. పాదరక్షలు లేనివారిని మైదానంలోకి గాని, జిమ్ములోకి గాని అనుమతించరాదు. ధరించిన పాదరక్షలు లేనట్టే ఉండవలెను.

మరుసటి రోజు తెల్లవారుతుండగా సుంకులమ్మ వచ్చి ఆ కాగితం ముందు నిలబడింది. ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది.

సుంకులమ్మ గొర్రెల బీరప్ప కూతురు. మైదానానికి రెండు కోసుల దూరంలో వాళ్ళ ఊరు. ఇరవై రెండేళ్ళ పిల్ల. తప్పిపోయిన గొర్రెల వెంట గుట్టలు ఎక్కి దిగి, చేలకు అడ్డంపడి పరుగెత్తి పెరిగింది. అడవి కాపలా ఉద్యోగాలు పడ్డాయి. మా మండలానికి రెండే. ఆడవాళ్ళకు ఐదు చుట్లు, తొమ్మిది నిమిషాలు. పరుగు పరీక్ష మా మైదానంలోనే, పద్దెనిమిదో తేదీన. ఉద్యోగం రాకుంటే నెలాఖరుకు బెంగుళూరు గార్మెంట్సుకు పోవాలి. వాళ్ళ చిన్నమ్మ అప్పుడే మాట్లాడి పెట్టింది. పొద్దుగూకులూ కుట్టుమిషను ముందు కూర్చోవడం అంటే ఆ పిల్లకు దడ. అందుకని రోజూ గేటు తెరిచే వేళకు ముందే వచ్చేది. నేను తెరిచేవాణ్ణి.

"మామా, ఇంటర్ చదివినదాన్ని, నాకే అర్థం కాల్యా. ఇంతకీ నేను లోపలికి రావొచ్చునా, రాగూడదా?"

"రాగూడదు."

"బూట్లేసుకున్నోళ్ళు?"

"రావొచ్చు. అయితే వాళ్ళు నీ మాదిరి కావల్లంట."

"మరి నేను నా మాదిరే ఉండానే!"

నేను గేటు తెరిచి, పైపు తీసుకుని నీళ్ళు పట్టడానికి పోయాను. ఆమె పరుగెత్తింది.

*

పాదరక్షల ఎంపికకు సంఘం వేశారు. ముగ్గురు సభ్యులు. డైరెక్టరు గారు అధ్యక్షులు. స్టోర్సు సూపరింటెండెంటు అశ్వత్థనారాయణ గారు కార్యదర్శి. మూడో సభ్యుడి పోస్టు ఖాళీ. ఆ కుర్చీ ముందు కూడా టీ పెట్టమన్నారు, పెట్టాను.

ఆరు కంపెనీల నుంచి ఆరు జతలు వచ్చాయి. అశ్వత్థనారాయణ గారు ఒక పద్ధతి గల మనిషి. ఆయన చేతికి వచ్చిన ఏ వస్తువైనా రిజిస్టరులో ఎక్కాలి, దాని మీద ముద్ర పడాలి. అప్పుడే అది ఉన్నట్టు. ఒకసారి గోడ గడియారం పోతే, రిజిస్టరులో ఉంది కాబట్టి పోలేదని తేల్చారు. ఇప్పటికీ ఆ ఖాళీ మేకు వైపు చూసి టైము చెప్తారు.

నమూనాలను ఆయన శ్రద్ధగానే పరీక్షించారు. అట్ట మందం స్కేలుతో కొలిచారు. మడమ, ముందుభాగం ఒకే ఎత్తులో ఉన్నాయా అని బూటు లోపల గోలీ వదిలారు. గోలీ దొర్లిన రెండు జతలకు ఆ పరీక్షలో సున్నాలు వేశారు. వేళ్ళు విడివిడిగా పడతాయా అని ముందుభాగంలో తన చేతివేళ్ళు పెట్టి ఆడించారు. జిమ్ముకు పనికొస్తుందా అని బల్ల మీద బూటు పెట్టి, అందులో ఐదు కిలోల డంబెల్ నిలబెట్టి, పక్కన కూర్చుని పేపరు చదివారు. సాయంత్రానికి బూటు కదలలేదని రాసుకున్నారు.

తొమ్మిదో నిబంధన దగ్గర పని ఆగిపోయింది. 'తొడుక్కున్నప్పుడు తొడుక్కోనట్టే ఉండవలెను.'

"తొడుక్కోకపోతే ఎట్లా ఉంటుంది?" అని అడిగారు డైరెక్టరు గారు.

"నాకు ఆ అనుభవం లేదు సార్. మా ఇంట్లో స్నానాలగదికి ఒక జత, వంటింటికి ఒక జత, మిద్దె మీదికి ఒక జత."

"నేను ఎనిమిదో ఏట ఒక పెళ్ళి పందిట్లో కాసేపు నిలబడ్డాను. సరిగా జ్ఞాపకం లేదు. కింద చాప కూడా వేసినట్టున్నారు."

ఇద్దరూ టీ తెచ్చిన నా కాళ్ళ వైపు చూశారు. నేను నీళ్ళు పట్టే పనికి ఆఫీసు ఇచ్చిన రబ్బరు బూట్లలో ఉన్నాను. ఇద్దరూ నిట్టూర్చారు.

అశ్వత్థనారాయణ గారికే తోచింది. "సార్, కిలో అంటే ఎంత అని ఎవరికైనా సందేహం వచ్చిందనుకోండి. అసలు కిలో రాయి ఒకటి ఎక్కడో గాజు మూత కింద భద్రంగా ఉంటుంది. దాన్ని పెట్టి చూసుకుంటారు. మనకు కూడా ఒక అసలు కాలు కావాలి."

"ప్రామాణిక పాదం!" డైరెక్టరు గారు లేచి నిలబడ్డారు. మూడో సభ్యుడి టీ కూడా ఆయనే తాగేశారు.

మరుసటి ఉదయం ఆయన మందపాటి బూట్లలో వాకింగుకు వచ్చారు. తడిపిన నేల మీద నా కొత్త గీత పక్కన ఒక అడుగు పడి ఉంది. ముందుపాదం లోతుగా, మడమ తేలికగా, ఐదు వేళ్ళూ ఎవరి దారిన వాళ్ళు నిలబడినట్టు విడివిడిగా. అట్లాంటి అడుగు నేను చూసినవాటిలో అదొక్కటే. రోజూ దాన్ని తొక్కకుండా పక్కనుంచి గీత గీసేవాణ్ణి.

ఆయన వంగి చూశారు. కళ్ళజోడు తీసి చూశారు.

"ఎవరిది ఎర్రిస్వామీ ఈ పాదం?"

తెలీదు సార్ అంటే అయిపోయేది. ఇరవై ఆరేళ్ళలో మొట్టమొదటిసారి అడగని మాట కూడా చెప్పాను. "సుంకులమ్మది సార్. బీరప్ప కూతురు. పుట్టినప్పట్నుంచీ చెప్పులు ఎరగదు."

*

ఆమెను స్టోర్సు గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కాళ్ళ కింద ముఖమల్ గుడ్డ పరిచిన పీట. గొప్ప మర్యాద చేశారు. ఆ మర్యాద అంతా మోకాళ్ళ కిందికే. పైనున్న మనిషిని మంచినీళ్ళు కావాలా అని అడిగినవాళ్ళు లేరు. నేను చెంబుతో తెచ్చిచ్చాను.

అశ్వత్థనారాయణ గారు రిజిస్టరు తెరిచారు. ప్రామాణిక పాదానికి అందులో గడి లేదు. నమూనా సంఖ్య, సరఫరాదారు, వస్తువు స్థితి, ఈ మూడే. కొత్త గడి గీయాలంటే పైనుంచి అనుమతి రావాలి. ఆయన కాసేపు ఆలోచించి, ఆరో నమూనా కింద ఏడు అని వేశారు.

"సరఫరాదారు ఎవరు?"

"అంటే ఏంది సార్?"

"ఈ కాళ్ళు నీకు ఎవరిచ్చారు?"

"ఇంగెవరిస్తారు? మా అమ్మ, మా నాయన."

"ఒక పేరు చాలు. గడి చిన్నది."

బీరప్ప అని రాసుకున్నారు. తర్వాత ముద్ర తీశారు. ఓటు వేసినప్పుడు వేలికి పెడతారే, సబ్బుకు పోని సిరా, ఆ రకంది. రెండు మడమల మీదా కొట్టారు. వ్యాయామ వికాస సంస్థ, స్టోర్సు, నమూనా 7.

సుంకులమ్మ పకపకా నవ్వింది. "మేం సంతకు తోలేముందు గొర్రెలకేస్తాం సార్ ఇట్ల. కలిసిపోకుండా. మీకూ కలిసిపోతాయని భయమా?"

"ప్రభుత్వ ఆస్తి. భయం ఉండాల్సిందే," అన్నారాయన.

ఆయన రెండో మాటకు ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఇకమీదట నువ్వు ఉత్తకాళ్ళతో నేల మీద నడవకూడదు."

"యాల సార్?"

"ప్రామాణికం అరిగిపోతుంది. అసలు కిలో రాయితో రోజూ వంకాయలు తూస్తారా?" అని అల్మారాలోంచి ఒక జత తీశారు. ఎప్పుడో పాతకాలంలో కొన్న బూట్లవి. ఒక్కొక్క అట్ట రెండు వేళ్ళ మందం. లోపల దూది కుక్కి ఆమె కాళ్ళకు తొడిగించి, తాళ్ళు బిగించి, ముడి మీద లక్క పోసి సీలు వేశారు.

జిల్లా అంతటికీ ఉత్తకాలి బూట్లు ఎంచడానికి, జిల్లాలో ఉత్తకాళ్ళతో తిరిగే మనిషికి అందరికంటే మందపాటి బూట్లు తొడగడం నా కళ్ళతో చూశాను. ఎవరికీ తేడాగా అనిపించలేదు. ఫైలు ప్రకారం చూస్తే అంతా సరిగ్గానే ఉంది.

"సార్, పద్దెనిమిదికి పరుగుండాది నాకు. దినాం పరుగెత్తకపోతే కాళ్ళు పట్టుకుంటాయి. పోనీ ఒక్క గంట..."

"సంఘం పని ముగిసేదాకా లేదు. రోజూ పదికి వచ్చి ఐదుకు పోవాలి. హాజరు పాదాలకు వేస్తాం, నీకు కాదు."

ఆ బూట్లతో ఆమె ఇంటికి నడిచిపోతుంటే వెనకనుంచి చూశాను. ఎడ్లబండి కిర్రుమంటూ పోతున్నట్టుంది. నేను ఆ వేళ సున్నం గీత వంకరగా గీశాను. నా పనిలో అట్లా జరగదు.

*

అసలు పరీక్ష పదకొండో తేదీన జరిగింది. సీలు విప్పి ఆమెను స్టోర్సు ముందు గచ్చు మీద నిలబెట్టారు. నేలను పాదం ఎంత తెలుసుకుంటుంది అన్నది తేలాలి. దానికి అశ్వత్థనారాయణ గారు నా చేత పల్లేరుకాయలు ఏరించారు. ఒక్కొక్కటి మూడు ముళ్ళతో, ఎట్లా వేసినా ఒక ముల్లు పైకే చూస్తుంది.

ముందు ప్రామాణిక పాదం. సుంకులమ్మ మీదనుంచి నడిచిపోయింది.

"ఏమి తెలిసింది?" అన్నారు డైరెక్టరు గారు కాగితం పట్టుకుని.

"ఏముండాయి సార్ కింద?"

"పల్లేరుకాయలు."

"అవునా? నేను శనక్కాయ పొట్టనుకుంటి."

తర్వాత డైరెక్టరు గారు మూడో నమూనా తొడుక్కున్నారు. అక్కడున్నవన్నీ తిరగేసి చూస్తే ఆయన కాళ్ళకు సరిపోయింది అదొక్కటే. ఒక్క అడుగు వేశారు. "అమ్మా!" అన్న కేకకు జిమ్ములో ఎవరో బరువు వదిలేశారు. రెండో కాలు కూడా పెట్టాల్సి వచ్చింది, మొదటిది ఎత్తారు కాబట్టి. అట్లా గచ్చు చివరిదాకా ఎగురుతూ వెళ్ళారు.

సుంకులమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "సారు బాగా ఎగురుతాడు మామా. ఉద్యోగానికి పెట్టుకోమను," అని నాతో మెల్లగా అంది.

సంఘం ఇట్లా రాసుకుంది: 'నమూనా 3 ప్రామాణిక పాదంకంటే అధికంగా ఉత్తకాలుగా నున్నది. ఇది నిబంధనలకు విరుద్ధం.' మిగతా నమూనాలను తొడుక్కోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. అవి కూడా విరుద్ధమేనని ఊహించి రాశారు.

రెండు రోజుల తర్వాత అశ్వత్థనారాయణ గారు తులనాత్మక పట్టిక తయారుచేసి డైరెక్టరు గారి బల్ల మీద పెట్టారు. నేను కిటికీ అద్దాలు తుడుస్తున్నాను. రిజిస్టరులో ఎన్ని నమూనాలుంటే పట్టికలో అన్ని ఉండాలి కాబట్టి అందులో ఏడు వరసలున్నాయి. మొదటి ఆరింటికి ముప్పై, నలభై మార్కులు. ఏడో దానికి నూటికి నూరు.

"ఏడు ఇంత బాగుందా!" డైరెక్టరు గారు ఆశ్చర్యపోయారు. ఆయన కాళ్ళు రెండూ వేన్నీళ్ళ బకెట్టులో ఉన్నాయి. "దేనితో చేసింది?"

"తోలు సార్."

"విదేశీయా?"

"ఈ జిల్లాదే సార్."

"భేష్. కుట్లు గట్టివేనా?"

"కుట్లు లేవు సార్. ఏకఖండం."

"ప్రామాణిక పాదంతో పోల్చారా?"

"అన్ని కొలతలూ వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయాయి సార్."

"గాలి ఆడుతుందా?"

"చెమట పడుతుంది, ఆరిపోతుంది సార్."

"మన్నిక?"

"చివరిదాకా వస్తుంది సార్."

"ఎవరి చివరిదాకా?"

"ఎవరిది వాళ్ళకు సార్."

ఇందులో అశ్వత్థనారాయణ గారు ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. అడిగిన గడికి జవాబు చెప్పారు, అంతే. డైరెక్టరు గారు పట్టిక మీద 'నమూనా 7 ఎంపికైనది, ఆమోదితం' అని రాసి సంతకం చేశారు. దాని ప్రకారం గేటుకు కొత్త ఉత్తర్వు అంటించాను. పద్దెనిమిదో తేదీ పరుగులో పాల్గొనేవారు ఆమోదిత నమూనా 7 ధరించవలెను. అది లభించనివారు హామీపత్రం రాసి సొంత బూట్లు ధరించవచ్చును. ఏమీ ధరించనివారు అనర్హులు.

*

పదిహేడో తేదీ సాయంత్రం సుంకులమ్మ స్టోర్సు కిటికీ ముందు నిలబడింది. కాళ్ళకు, పరీక్ష కాగానే మళ్ళీ తొడిగి లక్క వేసిన ఆ బూట్లే.

"సార్, నా కాళ్ళు నాకియ్యండి. రేపొక్క దినం."

"ఎందుకు?"

"పరుగెత్తేకి."

అశ్వత్థనారాయణ గారు రిజిస్టరు చూశారు. ఏడో వరస దగ్గర వేలు పెట్టి ఆలోచించారు. ఆయన కాదంటారనుకున్నాను. కాని స్టోర్సులో ఉన్న వస్తువును అడిగిన అభ్యర్థికి ఇవ్వకపోవడం కూడా తప్పే.

"ఇండెంటు రాయి. వస్తువు, సంఖ్య, వాడే కారణం, తిరిగి అప్పగించే తేదీ."

ఆమె రాసింది. కాళ్ళు, ఒక జత. ఆయన 'కాళ్ళు' కొట్టేసి 'నమూనా 7' అని దిద్దారు. తిరిగి అప్పగించే తేదీ దగ్గర పద్దెనిమిది, సాయంత్రం ఐదు గంటలు అని తానే వేశారు. లక్క పగలగొట్టి బూట్లు ఊడదీశారు. ఆమె కాళ్ళు తెల్లగా ఉబ్బి, నీళ్ళలో నానిన అలసందలలాగా ఉన్నాయి. ముద్రలు మాత్రం చెక్కు చెదరలేదు.

పొద్దున గేటు దగ్గర చెకింగుకు ఎవరో కొత్త ఉద్యోగి నిలబడ్డాడు. మూడు వందల మంది వరసలో ఉన్నారు. అందరూ హామీపత్రాలు పట్టుకుని మందపాటి బూట్లలో ఉన్నారు.

"ఏమ్మా, చెప్పులేవి? అనర్హురాలివి. పక్కకు నిలబడు."

సుంకులమ్మ వెనక్కి తిరిగి, గిట్ట చూపించే గుర్రంలాగా ఒక కాలు పైకెత్తింది. అతను వంగి ముద్ర చదివాడు. చేతిలోని ఉత్తర్వుతో సరిచూశాడు. రెండో మడమ కూడా చూపించమన్నాడు. తర్వాత లేచి, వరసలో ఉన్నవాళ్ళ వైపు తిరిగి గట్టిగా అన్నాడు. "చూసి నేర్చుకోండి. మూడు వందల మందిలో నిబంధన ప్రకారం వచ్చింది ఈమె ఒక్కతే!"

ఐదు చుట్లలో మొదటి రెండు ఆమెవి కావు. పది రోజులు కట్టేసిన కాళ్ళు మాట వినడం లేదని నడక చూసి పట్టుకున్నాను. ముగ్గురు ముందున్నారు. మూడో చుట్టులో తడిపిన మలుపు దగ్గరికి వచ్చినప్పుడు ముందుపాదం లోతుగా పడింది. నా సున్నం గీత మీదే పడింది. ఇక చూడనక్కర లేదని నేను పైపు చుట్టడానికి పోయాను. ఏడు నిమిషాల యాభై సెకన్లని మైకులో చెప్పారు. ఆడవాళ్ళలో మొదటి స్థానం ఆమెది.

*

ఐదింటికి ఆమె స్టోర్సుకు వచ్చింది. నియామకపత్రం చేతికి రావాలంటే, తీసుకున్న వస్తువులు తిరిగి ఇచ్చినట్టు స్టోర్సు అప్పగింతపత్రం జతపరచాలి. ముప్పయ్యో తేదీలోపు చేరకపోతే ఉద్యోగం తర్వాతివాళ్ళకు పోతుంది.

"అప్పగించు," అన్నారు అశ్వత్థనారాయణ గారు.

"యాడ పెట్టమంటావు సార్?"

"ఆరో నమూనా పక్కన, కింది అరలో."

ఆమె నేల మీద చతికిలబడి రెండు కాళ్ళూ అరలో పెట్టింది. ఆయన అంకె చూసుకుని, సరేనని పత్రం రాసి ఇచ్చారు. ఆమె తీసుకుని లేచింది.

"ఎక్కడికి?"

"ఇంటికి సార్."

"నువ్వు పో. వస్తువు ఇక్కడే ఉండాలి." పత్రం మళ్ళీ లాక్కున్నారు.

"ఎట్ల ఇప్పేది సార్ వీటిని? నువ్వే ఇప్పుకో, వస్తే!"

ఆయన కోప్పడలేదు. అది తన విభాగం కాదన్నారు.

నాలుగు రోజులు ఆమె పదింటికి వచ్చి అరలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. ఐదింటికి తాళం వేసే ముందు పంపేవారు, కాని పత్రం ఇచ్చేవారు కాదు. డైరెక్టరు గారు తనిఖీకి వచ్చి, "ఎవరీ అమ్మాయి?" అన్నారు. "నమూనా ఏడు తాలూకు సార్," అన్నారు అశ్వత్థనారాయణ గారు. "చక్కగా భద్రపరిచారు," అని వెళ్ళిపోయారు.

"మామా, బెంగుళూరికి పోతే మిషను ముందు కూర్చోబెడతారని ఏడిస్తి," అంది నాతో. "అక్కడన్నా కాళ్ళు తొక్కేకి పనికొచ్చేటివి."

నేను చెంబు అక్కడ పెట్టి వచ్చేశాను. ఆ రోజు ఆ అడుగు ఎవరిదో చెప్పిన నోరు నాదే.

ఐదో రోజు బీరప్ప వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో రిజిస్టరు పోస్టులో వచ్చిన కవరు. నన్ను పట్టుకుని, "ఎర్రిసామీ, ఇదేందప్పా? గొర్రెలు మేపుకునేటోనికి ఇంత పెద్ద ముద్రల కాగితం వచ్చె. ఏమన్నా కేసా?" అన్నాడు.

చదివాను. 'శ్రీ బీరప్ప గారికి. తాము సరఫరా చేసిన నమూనా 7 ఉత్తమమైనదిగా ఎంపికైనదని తెలియజేయుటకు సంతోషించుచున్నాము. అదే నాణ్యత గల పన్నెండు వందల జతలు సరఫరా చేయగలరు. గడువు తెలుపగలరు.'

నేను అతన్ని తీసుకుని డైరెక్టరు గారి గదిలోకి పోయాను. అశ్వత్థనారాయణ గారు అక్కడే ఉన్నారు. డైరెక్టరు గారు కుర్చీ చూపించారు. బీరప్ప కూర్చోలేదు.

"పన్నెండు వందల జతలు ఎప్పటికి ఇస్తారు?"

బీరప్ప నా వైపు చూశాడు. నేను తలకాయ ఊపాను. చెప్పు అన్నట్టు.

"సామీ, నా తావ ఒక్క జతే ఉండె. అది తయారయ్యేకి ఇరవై రెండేండ్లు పట్టె. చిన్నప్పట్నుంచీ ఎండలో, ముండ్లలో తిప్పల్ల. కొంటే వచ్చేది కాదు సామీ అది, తిరిగేదాంట్లో ఉండాది."

డైరెక్టరు గారు కళ్ళు మూసుకున్నారు. "చేతిపని! యంత్రాలు లేవు! నాణ్యమైన వస్తువు కోసం సంస్థ ఓపిక పట్టాలి. సరఫరా గడువు ఇరవై రెండు సంవత్సరాలు. ఆమోదించండి. అంతవరకు పాత బూట్లే కొనసాగుతాయి."

అశ్వత్థనారాయణ గారు రాసుకున్నారు. అందరూ లేవబోతున్నారు. నా జీవితంలో రెండోసారి అడగని మాట మాట్లాడాను.

"సార్, ఎంపిక అయిపోయినాక నమూనా వస్తువును ఇచ్చినోళ్ళకే తిరిగి ఇచ్చేస్తారు కదా?"

 అశ్వత్థనారాయణ గారు నా వైపు మొదటిసారి మనిషిని చూసినట్టు చూశారు. "ఇస్తాం. ఇవ్వాలి. ఇంతవరకు ఇవ్వకపోవడం స్టోర్సు లోపమే," అని కంగారుగా లేచారు.

స్టోర్సులో బీరప్ప చేత సంతకం పెట్టించారు. నమూనా 7, ఒక జత, మంచి స్థితిలో ముట్టినది. అతను పేరు కూడబలుక్కుని రాసి, అరలోంచి కూతురి కాళ్ళు రెండు చేతులతో పట్టి కిందికి దించాడు. పుట్టినప్పుడు ఎత్తుకున్నట్టే పట్టుకున్నాడు.

"నడువమ్మా," అన్నాడు. "గొర్రెలు ఒంటరిగా ఉండాయి."

అప్పగింతపత్రం ఆమె చేతిలో ఉంది. ఇరవై ఎనిమిదో తేదీన చేరింది. అడవి శాఖ వాళ్ళు ఆమెకు తోలు బూట్లిచ్చారంట. తాళ్ళు ముడేసి భుజానికి తగిలించుకుని గుట్టలెక్కుతుందంట.

ఏడాది తిరిగింది. సరఫరా పురోగతి తెలుపవలసిందిగా డైరెక్టరు గారు బీరప్పకు ఉత్తరం రాశారు. కార్డు ముక్క మీద జవాబు వచ్చింది. చేతిరాత సుంకులమ్మది.

'అయ్యా, మీ సరుకు పని జరుగుతాంది. మా ఊర్లో ముప్పై నాలుగు మంది పిల్లోళ్ళు చెప్పుల్లేకుండా బడికి పోతాండారు. ఈ ఎండాకాలానికి ఇంకా బాగా గట్టిపడతాయి.'

డైరెక్టరు గారు చదివి, పక్కన ఆకుపచ్చ సిరాతో రాశారు: 'పురోగతి సంతృప్తికరం.'